ఉలవ పరిచిన రోడ్డు

మా ప్రెసిడెంటు భవానీప్రసాద్‌కి బుర్ర ఉందని ఊళ్ళో అందరూ అంటారు. ఉంటే ఉండొచ్చు, నేను మాత్రం చూళ్ళేదు.

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు పోతుంటే హైదరాబాదు రోడ్డు మా ఊరిని రెండు ముక్కలు చేసి పోతుంది. ఇళ్ళు ఇటు, పాలకేంద్రం, పంచాయతీ ఆఫీసు అటు. డెబ్భై ఆరులో ఆ రోడ్డు దాటుతూనే మా ఆయన రత్తయ్య కాలు లారీ కింద పోయింది. అయినా పొద్దునా సాయంత్రం చంకలో కర్ర, చేతిలో పాలక్యాను. నేను పోసొస్తానంటే వినడు. "సేద్యం ఎటూ పోయింది బసవమ్మా, ఈ ఒక్క పనన్నా నాకుండనీ" అంటాడు. ఆయన అటు చేరేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు.

స్పీడుబ్రేకరు వేయించవయ్యా అని నేను పోరగా పోరగా, ప్రెసిడెంటు రెండేళ్ళకి అర్జీ పెట్టాడు. చిన్న పంచాయతీలకి రోడ్డు భద్రత గురించి సలహా చెప్పటానికని హైదరాబాదు నుంచి ఇంజనీరు రాధాకృష్ణమూర్తి గారు జీపులో దిగాడు. సరిగ్గా ఆ రోజే మా మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? కోసిన తన ఉలవ పైరంతా తెచ్చి రోడ్డు మీద పరిచాడు! ఏటా అందరూ చేసే పనే. లారీలు తొక్కుతుంటే నూర్పిడి దానంతటదే అయిపోతుంది, కూలీల్ని పిలవక్కర్లేదు. కానీ ఆ రోజేనా? వాడి తెలివి తగలెయ్య!

ఉలవ మీద చక్రం జారుతుందని లారీలన్నీ పెళ్ళినడకలు నడుస్తున్నాయి. ఇంజనీరు గారేమో సుద్దముక్కతో రోడ్డు మీద గీతలు గీసి, స్టాప్‌వాచీ పట్టుకుని వాటి వేగం కొలుస్తున్నాడు.

"బాబూ, ఇది ఉలవ పరిచిన రోజండి. రేపొచ్చి చూడండి, ఎట్టా పోతాయో" అన్నా.

"మేం సైంటిఫిక్‌గా కొలుస్తామమ్మా" అన్నాడు.

"నువ్వూరుకో బసవమ్మక్కా, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే" అన్నాడు ప్రెసిడెంటు. ఆనక ఇద్దరూ వాళ్ళింటికి పోయి, మీగడ వేసుకుని ఉలవచారుతో భోంచేశారు.

మర్నాటికి ఉలవలు ఇల్లు చేరాయి. లారీల పరుగు మామూలే. ఒకటి మా ఆయన చేతిలో క్యాను ఎగరగొట్టి పోయింది. ఆయన రోడ్డు మధ్య పాలల్లో కూలబడి, కర్ర కోసం తడుముకుంటుంటే చూశా. అట్టా చూడాల్సిన రాత పగవాళ్ళకీ వద్దు. ఆ పూట నుంచీ పాలవేళకి మా గేదె మేసే జొన్నచొప్పే తెచ్చి రోడ్డు మీద పరుస్తున్నా.

వారం తిరిగాక ఇంజనీరు గారు కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు, పాలవేళకే. రోడ్డుకి అటున్న పంచాయతీ ఆఫీసులో ఇవ్వాలట. చొప్ప మీద పాకుతున్న లారీని చూసి ముఖం వెలిగిపోయింది.

"చూశావామ్మా? ఇక్కడ బళ్ళు నెమ్మదిగానే పోతాయి. స్పీడుబ్రేకరు అక్కర్లేదని రాశా."

పక్కనున్న ప్రెసిడెంటు నోరు మూసుకోవచ్చుగా? "రోడ్డు మీద చొప్ప వెయ్యటం నేరం, తీసెయ్యక్కా" అన్నాడు.

ఓహో! వాడి ఉలవలకి లేని నేరం నా చొప్పకొచ్చింది! సరే, మొత్తం ఊడ్చి మోపు కట్టి, దాని మీదే కూర్చున్నా.

"ఇప్పుడు దాటండి" అన్నా.

లారీ పోయింది. దాని వెనకే ఎర్రబస్సు, దాని వెనక సున్నపురాళ్ళ లారీ. ఇంజనీరు గారు ఒకడుగు వేసి వెనక్కి దూకాడు. ప్రెసిడెంటు పంచె ఎగ్గట్టాడు, దించాడు, మళ్ళీ ఎగ్గట్టాడు.

"అమ్మా, కాస్త ఆ చొప్ప వేద్దూ" అన్నాడు ఇంజనీరు, చెమట తుడుచుకుంటూ.

"అక్కర్లేదని రాశారుగా!"

పాలక్యానుతో నా పక్కనే నిలబడ్డ మా ఆయనకి జాలేసింది. "వెయ్యవే, పాపం" అన్నాడు.

"ముందు ఆ మాట కొట్టెయ్యమను."

ప్రెసిడెంటు వంగాడు. ఇంజనీరు గారు ఆ వీపు మీద కాగితం పెట్టి, 'అక్కర్లేదు' కొట్టేసి, 'వెంటనే వెయ్యాలి' అని రాసి సంతకం పెట్టాడు. అంతా సైంటిఫిక్‌గానే జరిగింది. మా ఆయన చదివి తలూపాక అప్పుడు చొప్ప పరిచా.

ముందు మా ఆయన దాటాడు, పాలక్యానుతో. ఆ వెనక సర్కారు దాటింది.