ఫిర్యాదులు ఆగిన ఆట

గచ్చిబౌలిలో సురేంద్ర నడిపే గేమ్ కంపెనీలో ఐదుగురు పనిచేస్తారు. వాళ్లు చేసింది ఒకే ఆట. అది నిలబడితేనే కంపెనీ నిలబడుతుంది. ఆ ఆట విండోస్ కంప్యూటర్ల మీదా, కొద్దిమందే వాడే లినక్స్ కంప్యూటర్ల మీదా నడుస్తుంది. లినక్స్ పని రేణుకది.

సోమవారం ఉదయం టీ తాగుతూ ఆటగాళ్ల ఫిర్యాదులు పైకి చదవడం అక్కడి అలవాటు. ఆ సోమవారం వచ్చినవన్నీ లినక్స్‌వాళ్లవే.

“నూటికి ఇద్దరు లేరు, ఊరంత గొడవ చేస్తాండారు,” అన్నాడు సురేంద్ర. “పెండ్లిలో మగపెళ్లోళ్లే నయం కదమ్మా రేణుకా.”

“సేవ్ చేసిన ఆట పోతుందని రాసిండ్రు అన్నా. విండోస్‌ల గూడ పోతుంది. నేను చూసిన.”

“విండోసోళ్లు ఒక్కరన్నా రాసినారా?”

“వాళ్లు రాయరు. తీసేసి ఇంకోటి ఆడుకుంటరు. జర టైమియ్యి, సరిచేస్త.”

“అడగనోళ్లకు మందెందుకు? కొత్త లెవెల్స్ చూడాల.”

నెలాఖరుకు సురేంద్ర లినక్స్‌ను ఆపేశాడు. రేణుక లాప్‌టాప్ అప్పగించి మియాపూర్ బస్సెక్కింది.

ఫిర్యాదులు తగ్గుతూ వచ్చాయి. ఒక సోమవారం చదవడానికి ఒక్కటీ లేదు. సురేంద్ర సంతోషించి అందరికీ బిర్యానీ తెప్పించాడు.

తింటూ తింటూ, అక్కడే పనిచేసే భరత్ అప్పుడు ఆట ఆడుతున్నవాళ్లు ఎంతమందో తెర మీద చూశాడు.

“అన్నా, ఏడుగురున్నారు.”

“ఏడు వందలా?”

“ఏడుగురే అన్నా. అందులో నాలుగు మన ఆఫీసు కంప్యూటర్లు.”