శనివారం సేటు తాళంకప్ప

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. దిండిగల్లులో చూపు సరిగా ఆనని ఒక ముసలి కంచరి నన్ను చేశాడు. పొట్టలో ఏడు లీవర్లు అమర్చి, "నీ తాళంచెవి లేకుండా నిన్ను దేవుడు కూడా తెరవలేడు" అంటూ గుడ్డతో తుడిచాడు. ఆ మాట నమ్మి చాలాకాలం పొగరుగా బతికాను.

నన్ను కొన్నది ఎలియాహు గారు. మిరపకాయల బేరానికి కొచ్చి నుంచి వచ్చి, సముద్రానికి రెండు కోసుల దూరంలోని మా ఊళ్ళో మండీ పెట్టి ఉండిపోయిన యూదుడు. ఆ పేరు ఊరివాళ్ళకు నోరు తిరగలేదు. శుక్రవారం పొద్దుగూకితే మండీ మూసి, మర్నాడు ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా ఏ పనీ ముట్టడు కాబట్టి శనివారం సేటు అన్నారు.

నేను మండీ గోడౌను తలుపుకు వేలాడేదాన్ని. కాలవ అవతల గట్టున ఆయన ఇల్లు. శుక్రవారం సాయంత్రం తెల్లచొక్కా తొడుక్కుని గుమ్మంలో ఇద్దరు ఆడపిల్లల తలలమీద చేతులుంచి దీవించడం నాకు కనబడేది. ఎంత కడిగినా మిరపఘాటు చేతుల్ని వదలదు. చిన్నది ఎస్తేరు సగం దీవెనలో తుమ్మేది. ఆయన మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకునేవాడు.

తొడిమలు తీసే ఆడవాళ్ళకు వేళ్ళు మండుతాయని రోజూ కుండెడు మజ్జిగ పెట్టించేవాడు, చేతులు ముంచుకోవడానికి. వాళ్ళు సగం తాగేసేవాళ్ళు. అది ఆయనకు తెలిసింది. మర్నాటినుంచి రెండు కుండలు వచ్చాయి.

ఆ ఆడవాళ్ళకు పెద్ద కోటమ్మ. శుక్రవారం నన్ను వేశాక తాళంచెవి ఆమెకిచ్చేవాడు.

"చుక్కలు మూడు పొడిచేదాకా ఎవరడిగినా తియ్యకు కోటమ్మా. నేనడిగినా తియ్యకు."

"అట్టాగే సేటుగారూ" అని ఆమె కొంగున ముడేసుకునేది. ఒక శనివారం పొరుగూరి నుంచి లారీ వస్తే వట్టిదే తిప్పి పంపింది. మనుషులు ఒకరినొకరు నమ్మక తాళం చేయించుకుంటారు. తీరా దాని చెవి ఎవరినో ఒకరిని నమ్మి చేతిలో పెడతారు. ఈ సంగతి నాకు ఇప్పటికీ బోధపడదు.

ఒక ఏడాది కార్తీకంలో ఒక శనివారం మధ్యాహ్నం గాలి మొదలైంది. పొద్దువాలేసరికి కాలవ గట్లు తెగాయి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటే సముద్రమే ఊళ్ళోకొచ్చిందన్నమాట. గుడిసెలు లేచిపోయాయి. ఎత్తు పునాదిమీద ఇటుక గోడలున్నది మా గోడౌనొక్కటే. అరవైమంది దాకా వరండా మీదకు చేరారు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి.

కోటమ్మ నాకు వీపు ఆనించి నిలబడింది.

"తియ్యవే కోటమ్మా!" అని అరిచాడు ముఠా మేస్త్రీ బసవయ్య. "పిల్లలు మునిగేట్టుంటే మొండికేస్తావేందే?"

"మాటిచ్చాను బావా. చుక్కలు పొడవలా."

"ఈ మబ్బులో చుక్కలేడ చూస్తావే, నీ మొండితనం తగలెయ్య!"

"సేటుగారిని రానీ. ఆయన నోటితో చెబితే తీస్తా."

నోరు అలా అంటోంది గాని, వెనక్కి పెట్టిన ఆమె చెయ్యి నామీదే ఉంది. వేళ్ళు నా చెవి దూరే కన్నాన్ని తడుముతున్నాయని నాకొక్కదానికే తెలుసు.

అప్పుడు కాలవలో మనుషులు కనబడ్డారు. మునిగిన తాటిమొద్దు వంతెన మీద కాళ్ళతో తడుముకుంటూ సేటు వస్తున్నాడు. చిన్నది మెడమీద. వెనక ఆయన భార్య రాహేలమ్మ, పెద్దపిల్ల, ముగ్గురి నడుములకూ ఒకటే మోకు.

"కోటమ్మా! తియ్యి!"

"నువ్వడిగినా తియ్యొద్దన్నావు గదయ్యా!"

"తియ్యమంటున్నా! తియ్యి తల్లీ!"

ఆమె కొంగు లాక్కుంది. తడిసిన ముడి ఊడలేదు. బసవయ్య ఆత్రంకొద్దీ గుంజాడు. ముడి వీడింది, చెవి నీళ్ళలో పడింది. పదిమంది వంగి దేవులాడారు. చేతులకు బురదే వచ్చింది.

సేటు వరండా ఎక్కి పిల్లను కోటమ్మ చేతికిచ్చాడు. కాటా పక్కన పడుండే ఇనప గుండు రెండుచేతులా ఎత్తి నన్ను కొట్టాడు. నేను కదల్లేదు. నీళ్ళు నడుములకొచ్చాయి. రెండో దెబ్బకు ఆయన వేలు నలిగి రక్తం నామీద కారింది. అప్పటికీ కదల్లేదు. నన్ను చేసిన కంచరి పనితనాన్ని మొదటిసారి తిట్టుకున్నాను. మూడో దెబ్బకు నా మెడ తెగింది.

అందరూ లోపలికి తోసుకుని మిరపకాయల బస్తాలెక్కారు. తడిసిన కాళ్ళకింద కాయలు నలిగి ఘాటు లేచింది. ఎవరు భయానికి ఏడుస్తున్నారో, ఎవరు ఘాటుకో తెలియలేదు.

"ఉప్పెనలో బతికి దీనికి చచ్చేట్టున్నాం సేటుగారూ!" అన్నాడు బసవయ్య. సేటు దగ్గుతూనే నవ్వాడు. కోటమ్మ మాత్రం ఒక మూల ముడుచుకుని కూచుంది. నీళ్ళు తీశాక ఆయన దగ్గరకొచ్చింది.

"నావల్ల ఇంతమందీ పోయేవాళ్ళు. తప్పు చేశానా అయ్యా?"

ఆయన నలిగిన వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"నువ్వు నా మాట నిలబెట్టావు. నేనే నీకు సగం మాట చెప్పాను. ప్రాణం మీదికొస్తే మాకు శనివారం లేదు కోటమ్మా. ఆ మిగతా సగం చెప్పకపోవడం నా తప్పు."

మిరపకాయలన్నీ కుళ్ళిపోయాయి. వాటి ఊసు ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆ తలుపుకు మళ్ళీ తాళమూ వెయ్యలేదు, గొళ్ళెం పెట్టి ఊరుకున్నాడు. నన్ను ఇంటి కిటికీలో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదేళ్ళకు ఆయన పోయాడు. మండీ వెనక మెరకలో పూడ్చారు. కూతుళ్ళు పూలు పెట్టలేదు, చెరొక గులకరాయి పెట్టారు.

"రాళ్ళెందుకమ్మా?" అంది కోటమ్మ.

"మేం వచ్చాం నాన్నా అని చెప్పడానికి" అంది ఎస్తేరు.

కోటమ్మ సేటు ఇంటికి వెళ్ళి కిటికీలోని నన్ను తెచ్చి ఆ రాళ్ళ పక్కన పెట్టింది.

అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. వానకు పచ్చబడ్డాను. శనివారం సాయంత్రాలు కోటమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి సమాధి చుట్టూ ఉన్న కంచె అవతలే నిలబడి ఆకాశం చూస్తుంది. మూడు చుక్కలూ లెక్కపెట్టుకున్నాకే లోపలికొచ్చి నా పక్కన కూచుంటుంది.

మబ్బు పట్టిన సాయంత్రాల్లో మాత్రం చుక్కల కోసం ఆగదు. నేరుగా వచ్చేస్తుంది.