కార్బన్ రెక్కలకు బొట్టు

డ్రోన్ రెక్కలు విరిగితే కొత్తవి ఏ రకం కొనాలని ఇంద్రసేన అడిగినప్పుడు, రాజశేఖర్ ఒక సాయంత్రమంతా వివరించాడు. కార్బన్ ఫైబర్ రెక్క గట్టిది, తేలికైనది, గాలికి వంగదు; నిజమే. కానీ నేలకు కొట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. వేలికి తగిలితే కోస్తుంది. పైగా తూకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, ఆ వణుకునంతా కెమెరాకు చేరవేస్తుంది. సరదాగా ఎగరేసుకునేవారికి ప్లాస్టిక్ చాలు. భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మనిషి తీర్పు అది.

ఇంద్రసేన అంతా శ్రద్ధగా విని, కార్బన్‌వే తెప్పించుకున్నాడు.

తన మాట చెల్లలేదన్నది చిన్న బాధ. ఆ నల్లని రెక్కలు నిజంగానే బాగుండటం పెద్ద బాధ. జహీరాబాద్ శివారు చెరకు చేల మీద స్నేహితుడి డ్రోన్ తొణక్కుండా నిలబడితే, పక్కన తన డ్రోన్ ఈగలా కొట్టుకుంటున్నట్టు రాజశేఖర్‌కు తోచేది. ఝరాసంగం కబడ్డీ ఫైనల్‌ను ఏటా పైనుంచి చిత్రీకరించేది రాజశేఖరే. ఈసారి నిర్వాహకుడు చందర్ ఫోన్ చేశాడు.

"సార్, ఏమనుకోకున్రి. ఇంద్రసేన సార్‌ది మస్తు సాఫుగ వస్తున్నది. ఈసారి ఆయన తీస్తడు."

"ఏమనుకుంట? మంచిదే," అన్నాడు రాజశేఖర్. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

దసరా మర్నాడు ఇంద్రసేన, ఆయన భార్య సుగుణమ్మ ఆ డ్రోన్ పట్టుకుని రాజశేఖర్ ఇంటికి వచ్చారు.

"ఖరాబైంది శేఖర్. వీడియో తీస్తే మొత్తం అలలు అలలు. మొన్నటిదాంక గిట్ల లేకుండె."

"నజర్ తగిలింది," అంది సుగుణమ్మ. "ఊరంత నోరు తెరుసుకొని సూసిరి. మిరపకాయలు దిగదీసిన, అయినా పోలె."

"ఇగ ఫైనల్ నువ్వే తియ్యి. చందర్‌కు చెప్పిన," అన్నాడు ఇంద్రసేన.

రాజశేఖర్ డ్రోన్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. ఆయుధపూజలో కారుతో పాటు దీనికీ పూజ జరిగింది. ప్రతి రెక్క రెండు కొసలకూ చిక్కటి పసుపు, దాని మీద కుంకుమ. ఎండిన తర్వాత ఒక కొసన పెచ్చు రాలిపోయింది. ఎదుటి కొసన అలాగే మిగిలింది. తూకం తప్పింది. తడిగుడ్డతో తుడిస్తే పోయే జబ్బు.

ఆయన డ్రోన్‌ను బల్ల మీద పెట్టి, "అట్లనా," అని ఊరుకున్నాడు.

ఊరుకోవటం అబద్ధమాడటం కాదు. ఫైనల్ మళ్లీ తనదవుతుంది. అయితే, దిష్టి అనేదే లేదని ఊరూరా ఉపన్యసించిన నోరు ఇప్పుడు మూసుకుని దానికే సాక్ష్యం పలుకుతున్నది.

"అన్నా," అంది సుగుణమ్మ, "నజర్ లేదు గిజర్ లేదంటరు గద మీరు. మరి ఇదేంది? చెప్పున్రి."

అది వెక్కిరింతే. కానీ లేదనాలంటే కారణం చూపాలి. కారణం చూపితే ఫైనల్ పోతుంది. ఆయన కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, లోపలి నుంచి తడిగుడ్డ తెచ్చాడు.

"పసుపు, చెల్లె. ఒక దిక్కు రాలింది, ఒక దిక్కు ఉన్నది. గంతే."

రెక్కలన్నీ తుడిచాక వాకిట్లో ఎగరేశారు. డ్రోన్ మేకు కొట్టినట్టు గాలిలో నిలిచింది. తెర మీద ఒక్క అల లేదు.

"అరె వా!" అన్నాడు ఇంద్రసేన. అక్కడే నిలబడి చందర్‌కు ఫోన్ కలిపాడు. "ఫికర్ చెయ్యకు. ఫైనల్ నేనే తీస్త."

రాజశేఖర్ తడిగుడ్డను గట్టిగా పిండాడు.

"బొట్టు లేకుంట ఉత్తగ ఎట్ల ఎగరేస్తం?" అంది సుగుణమ్మ.

"రెక్కల మీద వద్దు. నడుమ, ఒంటి మీద పెట్టు. అక్కడైతే ఏం కాదు."

ఆమె కొంగు ముడి విప్పి, పొట్లంలోని కుంకుమ తీసి డ్రోన్ నడుమ అద్దింది.

"ఇది ఊరోళ్ల నజర్‌కు కాదన్నా, మీ కండ్లకు," అంది నవ్వుతూ. "వచ్చిన కాన్నుంచి సూస్తున్న, దాన్ని మింగేటట్టు సూస్తున్నరు."

ఇంద్రసేన పగలబడి నవ్వాడు. చూపుకు ఏ బలమూ ఉండదని రాజశేఖర్ అక్కడికక్కడే నిరూపించగలడు. ఆమె అన్న మాటకు మాత్రం ఆ నిరూపణ జవాబు కాదు. గేటు దాకా వెళ్లి సాగనంపేటప్పుడు, కళ్లు ఎటు తిప్పాలో తెలియక, తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.