పసుపు తాడు, సన్న తీగ

అనంతమ్మ రొమ్ములో గడ్డ ఎవరి చేతికీ తగల్లేదు. "చేతికి తగలంది గడ్డెట్లయితది?" అని అత్త శరణమ్మ ఝరాసంగం నుంచి జహీరాబాద్ దవాఖాన దాకా ఆటోలో నస పెడుతూనే వచ్చింది. కానీ స్కానింగులో శనగ గింజంత మచ్చ కనబడింది, ముక్క తీసి చూస్తే క్యాన్సరేనని తేలింది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ స్కానులో చూస్తూ ఆ మచ్చలోకి సన్నటి తీగ దింపింది. కొస బయట ఉంచి పట్టీ వేసింది. "లోపల నాకు దారి చూపేది ఇదే. కదిలించావో, గడ్డ దొరకదు," అని గట్టిగా చెప్పింది.

కాసేపటికి నర్సు వచ్చి నగలన్నీ తీయమంది. కొడుకు నిక్షేపంగా ఉండగా కోడలి మెడ బోసిగా ఉంటే శరణమ్మ ఊరుకునే మనిషా! పుస్తెలు తీయకముందే పసుపు కొమ్ము కట్టాలని తాడు కొంగున ముడేసుకొచ్చింది. మెడ వెనక ముడేసి, పుస్తెలు తీసి కొంగున కట్టుకుంది. కొమ్మును సర్దబోయి కిందికి గుంజింది. పట్టీ అంచున ఉన్న తీగ కొస తాడుకు చిక్కుకుంది. అనంతమ్మకు చురుక్కుమంది. చూస్తే తీగ వేలెడు బయటికొచ్చింది.

శరణమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. తీగను మడిచి పట్టీ కింద దాచేసింది. "ఏం గాలే. సప్పుడు చెయ్యకు. వాడికి తెలిస్తె నన్ను బతకనియ్యడు."

అనంతమ్మ అత్త మాట ఏనాడూ దాటలేదు. చెబితే అత్త పరువు పోతుంది. చెప్పకపోతే డాక్టరమ్మ మంచి కండ కోసి, రోగాన్ని లోపలే వదిలేస్తుంది. మత్తు మందు ఇవ్వబోతుంటే ఇక ఆగలేకపోయింది.

"డాక్టరమ్మా, తీగ కదిలింది. నేనే గుంజుకున్న."

ఆపరేషన్ ఆగింది. మళ్ళీ తీగ వేయాలని స్ట్రెచర్ మీద స్కానింగు గదికి తీసుకుపోతుంటే భర్త బస్వరాజ్ వసారాలో ఎదురొచ్చి మండిపడ్డాడు. "జర కుదురుగ పండుకోరాదా? పానం మీదికి తెచ్చుకున్నవ్ గద!"

అనంతమ్మ కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. గోడకానుకున్న శరణమ్మ అది చూసింది. పసుపంటిన చేతులు కొంగులో దాచుకుని ముందుకొచ్చింది.

"దాన్ని అనకు కొడుకా. గుంజింది నేను. దాచిపెట్టమన్నది గూడ నేనే."

శరణమ్మ నర్సు వైపు తిరిగింది. "ఈ తాడు కోసెయ్యి బిడ్డా. మల్ల దేనికన్న తట్టుకుంటది."

నర్సు కత్తెర తెచ్చింది. పసుపు కొమ్ము ఊడి స్ట్రెచర్ మీద పడింది. కోడలి బోసి మెడను చూస్తూ శరణమ్మ అక్కడే నిలబడింది, మొహం తిప్పుకోలేదు.