చలిగది బేరం

ఐసక్క బేరానికి దిగిందంటే ఎదుటివాడి మాట కన్నా ముందు వాడి మొహం చదువుతుంది. ఐస్‌క్రీం తోపుడుబండి మీద అమ్మిన రోజుల్లోనే అబ్బిన విద్య అది. రేవు వీధిలో పాత ఐసు డిపో చూడటానికి వెళ్ళినప్పుడు పురపాలక గుమాస్తా తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "మీరు చూసి రండమ్మా, నేనిక్కడే ఉంటాను" అని వీధి మొదట్లోనే ఆగిపోయాడు. ఎండకు భయపడ్డాడేమో అనుకుంది. ఆ ఒక్క మొహం మాత్రం చదవకుండా వదిలేసింది.

ఒకప్పుడు పడవ దిగిన జనమంతా ఆ వీధి గుండానే ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళట. పడవ ఒకటి మునిగింది. తర్వాత నదికి ఎగువన వంతెన వేశారు. జనం అటు మళ్ళారు, వీధి ఎండిపోయింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ బతికించాలని పురపాలక సంఘం వాళ్ళకి బుద్ధి పుట్టి, ముందొచ్చి కొట్టు తెరిచినవాళ్ళకి అద్దె నామమాత్రం చేశారు.

"వదినా, ఇక్కడ ఐస్‌క్రీం ఎవరికమ్ముతావు? పిల్లులకా?" అన్నాడు మరిది, వెంట వచ్చి.

"పిల్లులైతే మాత్రం ఏం, పాల రుచి తెలిసినవే కదరా" అంది ఐసక్క.

ఆమె కన్ను మాత్రం డిపో వెనకున్న చలిగది మీద పడింది. మూరెడు మందం గోడలు, బరువైన తలుపు. కంప్రెసరొకటి బిగిస్తే చాలు, కట్టించే పని లేదు. ఇంత మంచి సరుకు ఇంత చవగ్గా ఎందుకు పడి ఉందని ఆలోచించింది గానీ, జనం లేని వీధి కాబట్టేనని తనకు తనే జవాబు చెప్పుకుంది. మెకానిక్కు వచ్చి చూసి, "ఈ తలుపుకి లోపలి వైపు మీట లేదక్కా. మనిషి లోపలుండగా తలుపు పడిందంటే ఇక అంతే సంగతులు" అన్నాడు.

"అయితే ముందు మీట పెట్టు. కంప్రెసర్ సంగతి తర్వాత."

లోపలి నుంచి నెడితే తలుపు తెరుచుకునేలా ఇనప మీట పెట్టించాకే పాలు పొయ్యెక్కించింది.

పాలు, మీగడ, పంచదార కాచి, చల్లార్చి, ఒక రాత్రి అలాగే ఉంచుతుంది. మర్నాడు మిషనులో పోసి తిప్పుతుంది. మెత్తగా జారుతూ వచ్చిందాన్ని డబ్బాల్లోకెత్తి చలిగదిలో గట్టిపడనిస్తుంది. మిషనును మాత్రం వీధిలోకి కనబడేలా వాకిట్లోనే పెట్టింది. మొదట చుట్టుపక్కల పేటల పిల్లలొచ్చారు, వాళ్ళ వెనక అమ్మలు, ఆ వెనక సణుక్కుంటూ నాన్నలు.

తన కొట్లో కుర్చీ ఒక్కటీ వేయలేదు. కావాలనే. కప్పు చేతికిచ్చి, "అదిగో, సైకిల్ బాబాయి అరుగు మీద కూర్చోండి. చలేస్తే పక్కనే పిన్ని టీ ఉంది" అనేది. కూర్చున్నవాడు ఊరికే కూర్చోడు కదా. చక్రానికి గాలి కొట్టించుకుంటాడు, పిల్లకి టీ కొట్లో బిస్కెట్ కొంటాడు. ఏడాది తిరక్కుండానే మూతపడ్డ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బొమ్మల కొట్టొచ్చింది, చెప్పుల కొట్టొచ్చింది, ఊరొదిలి పోయిన దర్జీ మళ్ళీ వచ్చి తన పాత గదిలోనే మిషను పెట్టాడు. సాయంత్రమైతే వీధిలో భుజాలు రాసుకోవాల్సిందే. ఐసక్క లెక్క ఒకటే: వీధి బాగుంటే తను బాగుంటుంది, తను చతికిలబడితే వీధి మొత్తం చతికిలబడుతుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ వీధి పాతకాపులు ఆమె ఐస్‌క్రీం ముట్టరు.

"ఏం పిన్నీ, ఒక్క చెంచా రుచి చూడవా?"

"పళ్ళు జివ్వుమంటాయమ్మాయ్" అనేది టీ పిన్ని. ఆమె మొగుడు సైకిల్ బాబాయికి గొంతు పడదు. దర్జీకి కడుపు పడదు.

"వీధి వీధంతటికీ ఒకేసారి జబ్బు చేసిందే!" అని మరిది నోరు వెళ్ళబెట్టాడు. ఇంకో వింత కూడా వాడే కనిపెట్టాడు. వీధిలో పాత ఇళ్ళవాళ్ళెవరూ తలుపు గడియ వేయరు. చేరవేసి ఊరుకుంటారు. "దొంగలకి ఎంత మర్యాదో చూశావా వదినా" అనేవాడు.

గిరాకీ పెరిగి పడుకునేసరికి పొద్దుపోతుండటంతో, తెల్లవారి పాలు దించుకోవడం ఐసక్కకి కష్టమైంది. వీధిలో అందరికన్నా ముందు లేచేది సైకిల్ బాబాయే కదాని డిపో తాళంచెవి ఆయన చేతికిచ్చింది. "క్యాన్లు ముందుగదిలో దించి వెళ్ళిపోండి బాబాయ్, చాలు."

ఆ వారమే సరుకు చెడటం మొదలైంది. పైకి చూస్తే గట్టిగానే ఉండేది. నోట్లో పెట్టుకుంటే మంచు పలుకులు, ఇసుక నమిలినట్టు. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన సరుకని ఆమె నాలిక ఇట్టే పట్టేసింది. మెకానిక్కు తలుపు చుట్టూ రబ్బరు పట్టీ మార్చాడు, కంప్రెసర్ విప్పి బిగించాడు. "మిషను బంగారంలా ఉందక్కా. తలుపే ఎవరో తీసి వదిలేస్తున్నారు" అన్నాడు.

ఐసక్క డబ్బాలకి డబ్బాలు పారబోసింది. సాయంత్రం ఓ పెద్దాయన సగం తిన్న కప్పు అరుగు మీదే వదిలేసి, పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు జనం పలచబడ్డారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఈ వీధికి మళ్ళీ పిల్లులే గతి.

అందుకని ఒకరోజు పాలబండి కన్నా ముందే వచ్చి మిషను వెనక నక్కి కూర్చుంది. తూరుపు తెల్లబడుతోంది. బాబాయి వచ్చాడు, క్యాన్లు జాగ్రత్తగా దించాడు, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. తర్వాత చలిగది దగ్గరికి వెళ్ళి తలుపు బార్లా తీశాడు. తెల్లటి పొగ నేల మీదికి పాకింది. ఆయన లోపలికి వెళ్ళలేదు. లోపలి నుంచి వస్తున్న మనిషికి దారిచ్చినట్టు పక్కకి తప్పుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.

ఐసక్క మిషను వెనక నుంచి లేచింది. "ఏంటి బాబాయ్ ఇది? నా కొంప ముంచుతున్నారు!"

బాబాయి ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడతానని ఎదురుచూస్తున్నవాడిలా అక్కడే గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"మూసి ఉంటే చూడలేనమ్మాయ్" అన్నాడు. "పడవ మునిగినప్పుడు శవాల్ని పెట్టడానికి ఊళ్ళో చోటు చాల్లేదు. ఇందులోనే పెట్టారు. మా వీధివాళ్ళమే మోసుకొచ్చాం. మా బావమరిదిని నేనే మోశాను. మీ పిన్నికి తమ్ముడు. పడవలో టిక్కెట్లు కోసేవాడు, నన్ను 'ఏం బావా, ఇవాళైనా స్నానం చేశావా' అని వీధిలో అందరి ముందూ ఆటపట్టించేవాడు. చల్లబడిపోయి ఉన్నాడు, ఊపిరి లేదన్నారు. తలుపు వేశాం."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"దీపాలు పెట్టే వేళకి లోపలి నుంచి తలుపు కొట్టిన చప్పుడైంది. వీధి వీధంతా విన్నాం. చచ్చినవాళ్ళు లేచారని ఎవరిళ్ళలో వాళ్ళం దూరి గడియలు పెట్టుకున్నాం. మీ పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం గానీ, కాలు కదల్లేదు. పొద్దున తీస్తే... తలుపు దగ్గరే ఉన్నాడు."

తెరిచి ఉన్న తలుపులోంచి చలి వచ్చి ఐసక్క కాళ్ళకి తగులుతోంది.

ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. కూర్చుని బేరం తూచుకుంది. తాళంచెవి లాక్కుంటే వీధి తనకి దూరమవుతుంది. ఊరుకుంటే సరుకు పోతుంది. సంగతి పొక్కితే సాయంత్రపు జనంలో ఒక్కడు రాడు. గది వదిలేసి పోదామంటే చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు, ఉన్నదంతా ఇక్కడే పోసింది. చివరికి బాబాయినీ పిన్నినీ పిలిపించింది. వాళ్ళ వెనకే దర్జీ, ఇంకొందరు పాతకాపులు కూడా వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలిసిపోయింది.

"ఇదివరకు లోపల మీట లేదు. నేను పెట్టించాను" అంది ఐసక్క. "ఇప్పుడు నేను లోపలికి వెళ్తాను. బాబాయ్, తలుపు మీరే వెయ్యండి. మీట నొక్కుకుని నేనే బయటికొస్తాను. కళ్ళారా చూడండి. ఈ గదిలో ఇకమీదట ఎవరూ చిక్కుకోరు. అది చూశాక తలుపు మూసి ఉంచనిస్తారా?"

"వదినా, నీకేమన్నా పిచ్చా? నేను వెళ్తాలే" అన్నాడు మరిది.

"నువ్వు లోపల జోకులేసుకుంటూ కూర్చుంటావు. తప్పుకో."

బాబాయి తలుపు నెట్టాడు. తలుపు పడింది.

లోపల బల్బు వెలుగుతోంది. వరసగా డబ్బాలు, నేల, నాలుగు గోడలు. తను తప్ప పురుగన్నది లేదు. తలుపు లోపలి వైపంతా మంచు పొర తెల్లగా పట్టి ఉంది. కుడిచెయ్యి మీట మీద వేసింది, చలికి ఎడమచెయ్యి చంకలో దోపుకుంది. వెంటనే బయటికి వెళ్తే తలుపు సరిగ్గా పడలేదంటారు, నాలుగు ఊపిర్లు ఆగుదాం అనుకుంది. వ్యాపారి బుద్ధి. కదలకుండా నిలబడింది. అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు.

మీట నొక్కబోయేంతలో తలుపు బయటి నుంచి ఊడిపోయేంత విసురుగా తెరుచుకుంది. ఎదురుగా టీ పిన్ని. జుట్టు రేగిపోయి, పైట జారిపోయి, "వచ్చేశాను, వచ్చేశాను నాయనా" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఈవలికి లాగేసింది. వెనక బాబాయి, దర్జీ, అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ గడప దాటి వచ్చేశారు.

"మీట పడలేదా అమ్మాయ్? అలా బాదేశావేంటి!" అన్నాడు బాబాయి, రొప్పుతూ.

దేన్నీ లెక్కచేయని మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. "తలుపు బద్దలవుతుందనుకున్నాను వదినా."

ఐసక్క వెనక్కి తిరిగి చూసింది. తలుపు లోపలి వైపు మంచు పొర ఎక్కడా చెదరలేదు.

అందరి మొహాలూ చూసింది. ఎన్నేళ్ళుగానో మోస్తున్న బరువు ఆ క్షణానే దించినట్టు పిన్ని నేల మీద కూలబడి ఏడుస్తోంది. బాబాయి ఆమె తల నిమురుతున్నాడు. నిజం చెబితే సాయంత్రానికి వీధి ఖాళీ. అంతకన్నా, వీళ్ళు ఇప్పుడు దించుకున్న బరువు రెట్టింపై మళ్ళీ నెత్తికెక్కుతుంది. అబద్ధం చెబితే ఆ బరువు తనకొస్తుంది. తనొక్కదానికే. ఇంత తక్కువలో ఇంత పెద్ద బేరం ఆమె జన్మలో కుదుర్చుకోలేదు.

"నేనే కొట్టాను పిన్నీ" అంది. "మీరొస్తారో రారో చూద్దామని."

"వచ్చాంగా" అంది పిన్ని.

"వచ్చారు."

ఆ మర్నాటి నుంచి చలిగది తలుపు పొద్దున్నే ఎవరూ తీయలేదు. సరుకు మళ్ళీ వెన్నలా వచ్చింది, విసుక్కుని పోయిన జనం తిరిగొచ్చారు. వీధి చివర రెండు ఇళ్ళకి కొత్తగా సున్నాలు వేశారు. పాతకాపులు మాత్రం ఇప్పటికీ ఐస్‌క్రీం తినరు. ఐసక్క కూడా ఇప్పుడు రుచి చూడమని బలవంతపెట్టదు.

ఎప్పుడైనా మిట్టమధ్యాహ్నం, జనం సద్దుమణిగిన వేళ, తలుపు అవతల చప్పుడవుతుంది. గట్టిగా కాదు. ఐసక్క చేతిలో పని అక్కడే పెట్టి, వెళ్ళి తలుపు తీస్తుంది. కొంత చలి పోతుంది, కొంత కరెంటు దండగవుతుంది. తరుగు లేని సరుకేముంటుందని సర్దుకుంటుంది.

"ఇప్పుడెందుకు తీశావు వదినా?" అని అడుగుతాడు మరిది.

"సరుకు చూసుకుంటున్నానురా" అంటుంది, తొందర లేకుండా మళ్ళీ మూస్తూ.