చివరి కుళాయికి పది నిమిషాలు

మా దీవి ఎంత చిన్నదంటే, ఇటు ఒడ్డున ఎవరైనా తుమ్మితే అటు ఒడ్డున వాళ్లు "నూరేళ్లు" అంటారు. నమ్మకపోతే మానేయండి. ఇలాంటివి చెబుతాననే ఊళ్లో నన్ను కోతలరాయుడంటారు. సర్కారు వారు జీతం ఇచ్చేది మాత్రం కోతలకు కాదు, నీళ్ల పంపు నడిపినందుకు.

దీవి మొత్తానికీ ఒకటే బావి. దాని అడుగున ఉన్నది సముద్రం. ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు పాల మీద మీగడలా తేలుతుంటాయి. మీగడ తీసేవాడి చెయ్యి నెమ్మదిగా ఉండాలి. ఆత్రపడితే కింది పాలు పైకి వచ్చేస్తాయి. అందుకే నీటి శాఖ ఇంజనీరు గారు పంపు గది గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు: ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే. ఆ పైన ఒక్క నిమిషం కూడా వద్దు.

"నేను గడియారం చూసుకోవడం కాదండీ, గడియారమే నన్ను చూసి టైము సరిచేసుకుంటుంది" అన్నాను ఆయనతో.

ఆ మాట చాలా ఏళ్లు నిలబెట్టుకున్నాను. అప్పుడు మా చెల్లెలు, మొగుడు పోయాక, చివరి వీధిలో చివరి ఇంట్లో చేరింది. నీళ్ల గొట్టానికీ అదే ఆఖరు. ముందున్న ఇళ్లవాళ్లంతా బిందెలు నింపుకుని కుళాయిలు కట్టేస్తే తప్ప అక్కడికి చుక్క చేరదు. వాళ్లు కట్టేసేసరికి ఎనిమిదవుతుంది.

"దీవికంతా నీళ్లిస్తావు అన్నయ్యా, నా కుళాయి మాత్రం దగ్గుతోంది" అని నవ్వింది ఒకరోజు.

మర్నాటి నుంచి పంపు ఎనిమిదీ పదికి ఆపాను. రిజిస్టరులో ఎనిమిదనే రాశాను. ఇన్ని కోతలు కోసినవాడికి పది నిమిషాలొక లెక్కా!

నెలకోసారి పరీక్షకు పంపే సీసా నేనే పట్టేవాణ్ణి, ఆరింటికి పంపు వెయ్యగానే. నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చేది.

వారానికోసారి చెల్లెలింటికి వెళితే, కాళ్లు కడుక్కునేలోపే గ్లాసుతో నీళ్లు అందించేది.

"ఎలా ఉన్నాయే నా నీళ్లు?"

"నీ అబద్ధాలు కూడా కలిపావేమో, తియ్యగా ఉన్నాయి."

"ఇవి తాగి ఎదురు వీధి ముసలాడికి పళ్లు మళ్లీ మొలిచాయి, తెలుసా?"

"నిన్ను కరవడానికి మొలిచుంటాయిలే."

రెండేళ్లకు దాని కాళ్లు వాచాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. ఆసుపత్రిలో నర్సమ్మ బీపీ చూసి గుడ్లురిమింది. "ఉప్పు మానెయ్యమన్నానా లేదా? మానేస్తే ఇంత పెరుగుతుందా?"

"మానేశానమ్మా" అంది చెల్లెలు.

నర్సమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. మా ఇంటి రక్తమే కదా, ఇదీ కోసేస్తోందనుకున్నాను. తిన్నగా దాని వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా చంకన పెట్టుకున్నాను.

"దొంగతిండి తింటున్నావా? ఇది ఇవాళ్టి నుంచి నా దగ్గర జైల్లో ఉంటుంది."

"పట్టుకుపో" అంది గోడకు చేరగిలబడి, రొప్పుతూనే నవ్వుతూ. "నీ మాటల్లో ఎలాగూ ఉప్పూకారం తగ్గాయి, కలుపుకుందువుగాని."

ఆ ఎండాకాలం దాటలేదు అది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఇల్లు సర్దుతున్నాను. దాహమేసింది. అది ఆఖరుసారి పట్టుకున్న బిందె మూల అలాగే ఉంది. గ్లాసు ముంచి నోట్లో పోసుకున్నాను. గొంతు దిగలేదు. ఉప్పు కషాయం.

పక్కింటావిణ్ణి కేకేశాను. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏడాదిన్నరగా అంతే, మావయ్యా. మాకు ఎనిమిదిలోపు వచ్చేస్తాయి కాబట్టి మంచివే. పిన్నికొచ్చేవి ఆ ఆఖరు నీళ్లేగా."

"మరి నాకిచ్చేవి?"

"మీరొచ్చే రోజు మా ఇంట్లో గ్లాసుడు అడిగి తెచ్చుకునేది. రోజూ బిందెడు ఇస్తానంటే, 'నీకు పిల్లలున్నారు, వద్దు' అంది. మీకు చెబుతానంటే ఒట్టు పెట్టింది. 'నాకోసం తప్పు చేస్తున్నాడే మా అన్నయ్య, ఆ నీళ్లు బాగోలేవని చెప్పి ఆ మొహం ఎలా చూడను' అంది."

బిందె భుజాన పెట్టుకుని ఇంజనీరు గారి ఆఫీసుకు వెళ్లాను. బల్ల మీద దించి జరిగింది చెప్పాను.

"ఇదేం కొత్త కథ పెద్దాయనా?" అని నవ్వారాయన. తర్వాత వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

"రోజూనా?"

"రోజూనండి."

ఉద్యోగం తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండేది. బావి కోలుకునేదాకా గంటన్నరే నడపమన్నారు. ఇప్పుడు ఏడున్నరకు ఆపి, ఏడున్నరే అని రాస్తున్నాను. చివరి వీధిలో సగం ఇళ్లకు నీళ్లందడం లేదు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో పంపు గదికి వచ్చి, "కుళాయి దగ్గుతోంది మావయ్యా, ఒక్క పది నిమిషాలు" అంటారు. నా చెయ్యి స్విచ్చు మీదే ఉంటుంది. వెయ్యను. కథలు చెప్పమంటారు పిల్లలు. అవీ చెప్పను.

చెల్లెలి ఉప్పు డబ్బా మా ఇంట్లో అటక మీదే ఉండిపోయింది. తెచ్చిన రోజు మూత కూడా తియ్యలేదు. మొన్న దించి తీశాను.

అంచుదాకా నిండుగా ఉంది. రాయిలా గడ్డ కట్టుకుపోయింది. చెంచా దిగిన గుర్తు ఒక్కటి కూడా లేదు.