పసుపు రాని నీళ్లు

యర్రగొండపాలెం దగ్గరి పల్లెలో చర్చి ముందు కొత్త బోరు పడింది. మణెమ్మ సీసాలో తెచ్చిన ఆ నీళ్లను కూతురు ఝాన్సీ గాజు గొట్టంలో పోసింది. అందులో ఆమె ల్యాబులో చేసిన కృత్రిమ కణాలున్నాయి. కంటికి ఆనని కొవ్వు బుడగలు అవి. ఫ్లోరైడు ఎక్కువుంటే లోపలి ఎంజైము పసుపు రంగు పుట్టిస్తుంది.

రంగు మారలేదు.

"స్తోత్రం!" అన్నాడు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయిన తండ్రి తిమోతి. "నా నడుము ఇంక పిల్లోళ్లకు రాదులే."

అప్పుడు సీసా మెడలో నురుగు చూసింది ఝాన్సీ.

"అమ్మా, దీన్ని దేంతో కడిగినావు?"

"నీ పరీక్షకు గదా, సబ్బుపొడేసి తళతళా తోమినా."

సబ్బు తగిలితే కొవ్వు బుడగలు పగిలిపోతాయి, ఫ్లోరైడున్నా రంగు రాదు. ఝాన్సీ ఇంకో గొట్టంలో నేరుగా బోరు నీళ్లు పట్టింది. కాసేపటికి పసుపు కమ్మింది.

అప్పటికే నీళ్లు మంచివనుకుని చర్చిలో స్తోత్రగీతం ఎత్తుకున్నారు.

"నాయనా, పాట ఆపమను. పిల్లోళ్లను తాగనియ్యొద్దు."